రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు

ఖరగ్‌పూరు నుండి దక్షిణమునకు పోవు రైలుమార్గము బాలాసోరు, కటకము, ఖుర్దారోడ్డు దాటి, చిలుక సరస్సు అంచున కొంతదూరము సాగి బరంపురము చేరును. ఆపైన ఇచ్ఛాపురము, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరము, విశాఖపట్టణము. బెంగాలు నాగపూరు రైల్వే కాలము నుండియు ఈ దారి వెంబడియే తెలుగు కుటుంబములు ఉత్తరమునకు తరలివచ్చి, ఖరగ్‌పూరు కర్మాగారములోను, లోకోషెడ్డులోను, కార్యాలయములలోను జీవనము సాగించినవి. సెలవులకు స్వగ్రామములకు పోవువారికి బరంపురము నడుమ వచ్చు ఒక స్టేషను మాత్రమే. బండి ఆగిన కొద్ది నిమిషములలో కిటికీలో నుండి టీ కొనుక్కొనుటతో ఆ యూరితో పరిచయము ముగియును. కాని తెలుగు బాలలకు ఆటపాటలతో అక్షరములను జతచేసి చూపిన మహనీయుడు జన్మించినది ఆ యూరిలోనే. ఆయన శ్రీ న్యాయపతి రాఘవరావుగారు. 1905వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన ఆయన జన్మించిరి. ఆంధ్రదేశమున రెండు మూడు తరముల వారికి ఆయన అసలు పేరు కంటె రేడియో అన్నయ్య యను పేరే సుపరిచితము.

ఆయన జన్మించునాటికి బరంపురము మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణము. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు అది ఆ రాష్ట్రములో చేరినది. ఆ పట్టణములో తెలుగు, ఓఢ్రము రెండును వీథులలో వినవచ్చు భాషలే. ఇంటిలో ఒక భాష, అంగడిలో మరియొక భాష, చదువు ముదిరిన కొలది ఇంగ్లీషు. ఇది సరిహద్దు పట్టణములలోని బాలుర సహజస్థితి. ఆంధ్రదేశమునకు వెలుపల పెరుగుచున్న తెలుగు బాలుర స్థితి నేటికిని ఇదియే. అట్టి నేలలో పుట్టినవారే తెలుగు పిల్లల భాషను ఇంటింటికిని చేర్చు పనికి పూనుకొనుట గుర్తింపదగిన విశేషము.

ఆ రోజులలో తెలుగు పిల్లవానికి పుస్తకమనగా నేమి? 1832లో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రిగారు రచించిన బాలశిక్ష మొదలుకొని పెరుగుచు వచ్చిన పెద్దబాలశిక్ష ఒకటి. కంఠస్థము చేయవలసిన శతకములు కొన్ని. కొంచెము పై తరగతులకు పోయినవారికి 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక. ఇవి యన్నియు గొప్ప గ్రంథములే. తరతరముల వారికి అక్షరజ్ఞానమును, నడవడిని నేర్పినవే. అయినను వీనియందు పెద్దలు చెప్పుదురు, పిల్లలు వినవలెను. ప్రశ్న పెద్దవారిది, సమాధానము పిల్లవానిది. అది తప్పినచో బెత్తము సిద్ధముగా నుండును. పిల్లవాని నవ్వునకు, అల్లరికి, ఊహకు ఆ పుటలలో చోటు మిక్కిలి తక్కువ.

బడి వెలుపల మాత్రము వేరొక ప్రపంచముండెను. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు, గుజ్జనగూళ్లు, బొమ్మల పెండ్లిండ్లు, వెన్నెల రాత్రులలో అమ్మమ్మ చెప్పు కథలు, పొడుపుకథలు. వీనికి పుస్తకము లేదు, పరీక్ష లేదు. అయినను ఒక్క పిల్లవాడును వీనిని మరచిపోలేదు. ఈ రెండు ప్రపంచములకును నడుమ గోడ యుండెను. ఆ గోడను తొలగింప యత్నించిన రచయితలు అప్పుడప్పుడు కానవచ్చిరి. చింతా దీక్షితులుగారు లక్కపిడతలు వంటి రచనలతో పిల్లల లోకమును పిల్లల మాటలలో చూపిరి. గిడుగు వెంకట సీతాపతిగారు చిన్నపిల్లల కొఱకు సులభమైన గేయములను రచించిరి. వీరు వేసిన బాట మంచిదే. కాని పుస్తకము కొనగల యిండ్లు తక్కువ. కొన్న యింటిలో సైతము దానిని పెద్దవారే చదివి వినిపింపవలెను. ఒక్కసారిగా వేలకొలది పిల్లలను పలుకరింపగల సాధనము అప్పటికి లేదు.

ఆ సాధనము 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన మద్రాసునకు వచ్చినది. ఆనాడు అచ్చట ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములును ఆ కేంద్రము నుండియే ప్రసారమగుచుండెడివి. రేడియో పెట్టె యున్న ఇల్లు అరుదు. ఉన్న యింటి వసారాలో వీథివారందరును చేరెడివారు. కొన్ని పట్టణములలోని ఉద్యానవనములలో సాయంకాలము రేడియో వినిపించుచుండ, పెద్దలు వార్తలకును, సంగీతమునకును కాచుకొని యుండెడివారు. పిల్లలు ఆ పెట్టెలో మనుష్యులున్నారేమో యని వెనుకకు పోయి చూచెడివారు. ఆ పెట్టెలో నుండి తమ యీడు పిల్లలే మాటాడినచో ఎట్లుండునో వారు అంతవరకు ఎరుగరు.

ఆ అనుభవమును వారికి కలిగించినవారు రాఘవరావుగారును, వారి సతీమణి శ్రీమతి కామేశ్వరిగారును. 1908లో జన్మించిన కామేశ్వరిగారు భర్త చేపట్టిన ప్రతి కార్యమునందును సమభాగము వహించిరి. 1939 ప్రాంతమున మద్రాసు కేంద్రము నుండి ఈ దంపతులు నడుపసాగిన పిల్లల కార్యక్రమమే బాలానందము. ఆ పేరులోనే వారి ఆశయము స్పష్టముగా నున్నది. బాలశిక్ష యని కాక, బాలనీతి యని కాక, బాలానందమని పేరిడుటలో శతాబ్దకాలపు అలవాటునకు వినయముతోడనే చెప్పిన ఒక సమాధానము కలదు. శిక్షయు, నీతియు అక్కరలేవని కాదు. ఆనందము ముందు నడచినచో తక్కినవి దాని వెనుక వచ్చునని వారి నమ్మకము.

పిల్లలు ఆయనను అన్నయ్య యనియు, ఆమెను అక్కయ్య యనియు పిలిచిరి. తెలుగువారి వరుసలు తెలిసినవారికి ఇందొక వింత కానవచ్చును. అన్నయ్య భార్య వదిన కావలెను. అక్కయ్య భర్త బావ కావలెను. భార్యాభర్తలు ఒకే పిల్లవానికి అన్నయ్యయు, అక్కయ్యయు అగుట వరుసలకు పొసగదు. అయినను ఆంధ్రదేశములోని పిల్లలెవ్వరును ఈ చిక్కును పట్టించుకొనలేదు. ఏలయనగా వారికి ఈ యిద్దరును ఒకరి ద్వారా ఒకరు వచ్చిన బంధువులు కారు. ఇద్దరును తిన్నగా తమవారే. మాస్టారు, పంతులుగారు, పెద్దయ్య మొదలగు పిలుపులలో ఎంత గౌరవమున్నదో అంత దూరమును కలదు. అన్నయ్యతో పోట్లాడవచ్చును, అక్కయ్యతో అలుగవచ్చును. ఆ చనువునే ఈ దంపతులు తమ బోధనకు పునాదిగా చేసికొనిరి. పిల్లల ముందు పెద్దరికమును విడిచిపెట్టుట సులభమైన పనివలె తోచును. ఆచరించి చూచినవారికే దాని కష్టము తెలియును.

నాటి ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు జరుగునవి. పలుకులను ముందుగా పట్టి యుంచి, తప్పులను కత్తిరించి, మరల వినిపించు సౌకర్యము నేటివలె లేదు. ఎఱ్ఱదీపము వెలిగిన క్షణము నుండి స్టూడియోలో ఎవరు తుమ్మినను, ఎవరు మాట మరచినను అది శ్రోతల చెవులకు చేరవలసినదే. పెద్ద కళాకారులు సైతము ఆ దీపమును చూచి తడబడుదురు. అట్టిచోటికి పదేండ్లయిన నిండని పిల్లలను తీసికొనిపోయి పాడించుట, కథ చెప్పించుట, నాటిక ఆడించుట సామాన్యమైన సాహసము కాదు. ఒక పిల్లవాడు వాక్యము నడుమ ఆగిపోయినచో అందించుటకు ఒక చేయి కావలెను. ఆ అందింపు విన్నవారికి తెలియకూడదు. పిల్లవానికి సిగ్గు కలుగకూడదు. రేడియో ముందు కూర్చున్న తక్కిన పిల్లలకు మాత్రము ఆ తడబాటులోనే ఆత్మీయత తోచెడిది. లోపలివారును తమవంటివారే యని, తామును అచ్చటికి పోయి మాటాడవచ్చునని వారికి ధైర్యము కలిగెడిది.

ఈ ధైర్యము ఒక్క మద్రాసు నగరములోని పిల్లలకే పరిమితము కారాదని రాఘవరావుగారు తలచిరి. రేడియో గాలిలో పోవు వస్తువు. దానికి నేలపై ఆధారము కావలెను. పిల్లలు చేరుటకు ఒక చోటు, కలసి పని చేయుటకు ఒక సంఘము, తమదని చెప్పుకొనుటకు ఒక పేరు కావలెను. ఈ యూహయే 1940లో బాలానంద సంఘముగా రూపుదాల్చెను. పిమ్మట ఆంధ్రదేశములోని పలు పట్టణములలో ఇట్టి సంఘములు ఏర్పడినవి. పాట, ఆట, కథ, నాటిక, నృత్యము, చిత్రలేఖనము, పొడుపుకథలు వీనిలోని ముఖ్యాంశములు. ఒక గది, ఒక చాప, పదిమంది పిల్లలు, వారితో కలసి కూర్చుండు ఓపిక గల పెద్దవారొకరు ఉన్నచో సంఘము నడచును. ధనముతో పని లేదు. ఇంతటి స్వల్ప సాధనములతో నడువగల పద్ధతిని చూపుట వలననే అది ఊరూర పాదుకొనగలిగెను.

నాటిక యనగా పిల్లలకు పెద్దల వేషములు వేసి, పెద్దల పద్యములు వల్లింపజేయుట యను అలవాటు అప్పటికి పాతుకొని యుండెను. పదేండ్ల బాలుడు మీసము పెట్టుకొని హరిశ్చంద్రుడై కాటిసీను పద్యములు పాడిన పెద్దలు ముచ్చటపడుదురు. ఆ బాలునికి వానిలోని దుఃఖము తెలియదు. బాలానందపు దృష్టి వేరు. పిల్లవాడు పిల్లవానిగనే రంగముపై నిలువవలెను. వాని మాట వాడు అనుదినము పలుకు మాటయే కావలెను. వాని కథలో బడి, పలక, తమ్ముడు, పిల్లి, మామిడికాయ, వానలో తడిసిన పుస్తకముండవలెను. ఇట్టి నాటికలకు తెర అక్కరలేదు, కిరీటములు అక్కరలేదు. అమ్మ చీరయే తెర, తాతగారి చేతికఱ్ఱయే రాజదండము. చూచుటకు వచ్చినవారు ప్రేక్షకులుగా మాత్రమే యుండక తామును పాటలో కలియుదురు.

ఈ కార్యక్రమములు కుదురుకొనుచున్న కాలము శాంతియుతమైన కాలము కాదు. రెండవ ప్రపంచయుద్ధము దేశపు తీరములను తాకినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు విసరినవి. ఆ భయముతో మద్రాసు నగరములోని కుటుంబములు అనేకము గ్రామములకు తరలిపోయినవి. వస్తువుల ధరలు పెరిగినవి. కాగితమునకు కఱవు వచ్చి ప్రభుత్వ నియంత్రణ ఏర్పడినది. పెద్దల పత్రికలే పుటలు తగ్గించుకొనుచున్న ఆ రోజులలో కేవలము పిల్లల కొఱకు ఒక మాసపత్రికను ప్రారంభింప తలపెట్టుట లోకజ్ఞులైనవారు చేయు పని కాదు. రాఘవరావు దంపతులు ఆ పనియే చేసిరి. యుద్ధము ముగిసిన మాసమున, అనగా 1945 ఆగస్టులో, వారి సంపాదకత్వమున బాల యను పత్రిక మద్రాసులో వెలువడినది.

బాల రెండేండ్లు ముందుగా పుట్టినది. ఆ తరువాత 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల చందమామ వెలువడి, దేశములోని పలుభాషలలో విస్తరించి, పిల్లల పత్రికలలో రాజ్యమేలినది. ఈ రెంటిని పోల్చి ఎక్కువ తక్కువలు నిర్ణయించుట అనవసరము. రెంటి మార్గములు వేరు. చందమామ పిల్లలకు కథ చెప్పెను. కథ చెప్పుటలో దానిని మించినది లేదు. బాల పిల్లలను పనికి పురికొల్పెను. నీకు కథ వచ్చునా, వ్రాసి పంపుము. బొమ్మ వచ్చునా, గీసి పంపుము అను ధోరణి దానిది. ఒక పత్రిక పిల్లవానిని మంచి పాఠకునిగా చేసెను. మరియొకటి వానిని రచయితవు కావచ్చునని భ్రమింపజేసెను. ఆ భ్రమ కొందరి విషయమున సత్యమై నిలిచినది.

వారిలో ముందుగా చెప్పవలసినవారు ఇరువురు. 1931లో జన్మించిన ముళ్లపూడి వెంకటరమణగారు బాల్యముననే తండ్రిని పోగొట్టుకొని, తల్లితో మద్రాసు చేరి కష్టములతో చదువుకొనుచున్న బాలుడు. అమ్మ మాట వినకపోతే అను ఆయన మొదటి కథ 1945లో బాలలో అచ్చయినది. అప్పటికి ఆయన వయస్సు పదునాలుగేండ్లు. 1933లో జన్మించిన బాపుగారి చిన్ననాటి బొమ్మలును ఆ పత్రికలోనే వెలుగు చూచినవి. ఈ యిద్దరి స్నేహము, వారి గీత, వ్రాత పిమ్మట తెలుగుదేశమునకు ఎట్టి సంపద నిచ్చినవో వేరుగా చెప్పనక్కరలేదు. తరువాతి కాలమున రమణగారి బుడుగు పిల్లవాని నోట పిల్లవాని మాటనే పలికించి పెద్దలను నవ్వించెను. పిల్లవాని మాటకు అచ్చులో విలువ కలదని ఆ రచయిత మొదట తెలిసికొన్నది బాల పుటలలోనే.

ఒక బాలుని వ్రాత అచ్చుపడుట పెద్దలకు చిన్న విషయము. ఆ బాలునికి అది జీవితమును మలుపు త్రిప్పు సంఘటనము. తన పేరు అక్షరములలో చూచుకొన్ననాడు వాడు ఎంత ఎదుగునో ఏ కొలబద్దయు చెప్పలేదు. ఇట్టి అవకాశమును కలిగించుటకు సంపాదకునికి రెండు గుణములు కావలెను. తప్పులతో నిండిన చిన్ని వ్రాతలను ఓపికతో చదువుట ఒకటి. చదివినపిమ్మట తన పాండిత్యముతో దానిని పాడుచేయకుండుట రెండవది. పిల్లవాని వాక్యమును దిద్ది పెద్దవాని వాక్యముగా మార్చినచో అచ్చయినది వాని వ్రాత కాదు. భాష విషయమున నాడు గ్రాంథిక వ్యావహారిక వాదముల వేడి ఇంకను చల్లారలేదు. రాఘవరావుగారు ఆ వాదమునకు తాటియాకుల సాక్ష్యము వెదుకలేదు. పిల్లలు పలుకు మాటను ఆలకించి, దానిని రేడియోలో పలికించి, పత్రికలో అచ్చువేసి తమ పక్షమును ఆచరణలో నిరూపించిరి.

కాలము మారినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసినది. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆలిండియా రేడియోలో చేరినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. తెలుగువారి రాజధాని హైదరాబాదు కాగానే పలు సంస్థలవలె బాలానందమును మద్రాసును వీడినది. రాఘవరావు దంపతులు 1956లో హైదరాబాదు చేరి, నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పిరి. మద్రాసులో పదునెనిమిది యేండ్ల పరిచయములు, పత్రిక, ఇల్లు, మిత్రులు విడిచి, యాబదియొకటవ యేట క్రొత్త నగరములో మరల మొదటినుండి పిల్లలను ప్రోగుచేయుటకు కూర్చుండుట తేలికైన పని కాదు. అయినను వారు వెనుదీయలేదు. ఆ నగరములో పెరిగిన పిల్లలకు సంఘపు వాకిలి ఆదివారపు పండుగకు తెరచిన వాకిలి యయ్యెను. పిల్లల రేడియో కార్యక్రమములు తెలుగు ఇండ్లలో సెలవుదినపు అలవాటుగా స్థిరపడినవి.

బాల పత్రిక 1959తో ఆగిపోయెను. పదునాలుగేండ్ల ప్రాయమున, అనగా దానిని చదివిన పిల్లలు పెద్దలగు ప్రాయముననే, అది సెలవు తీసికొన్నది. ఇది తెలుగు బాలసాహిత్యమునకు కలిగిన నిజమైన లోటు. పిల్లల పత్రికకు ఒక విచిత్రమైన దౌర్భాగ్యము కలదు. దాని పాఠకులు కొలది సంవత్సరములలో పెరిగి దానిని విడిచిపోవుదురు. ప్రతి ఐదారేండ్లకును క్రొత్త పాఠకులను మరల సంపాదించుకొనవలెను. కొనునది తండ్రి, చదువునది బిడ్డ. బిడ్డకు నచ్చినను తండ్రికి అక్కర తోచనిచో పత్రిక నిలువదు. పాఠ్యపుస్తకమునకు వెచ్చించు ధనమును చదువునకు పెట్టిన పెట్టుబడిగాను, వినోదపుస్తకమునకు వెచ్చించు ధనమును దుబారాగాను ఎంచు గృహస్థులు నాడును కలరు, నేడును కలరు. పత్రిక ఆగినను రాఘవరావుగారి పని ఆగలేదు. నారాయణగూడ సంఘములో ఆటపాటలు సాగుచునే యుండెను.

1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము ఆరంభమైనది. క్రమముగా ఇంటి నడిమికి బొమ్మల పెట్టె వచ్చి, రేడియో మూలకు చేరసాగెను. 1980లో కామేశ్వరిగారు స్వర్గస్థులైరి. పిల్లలకు అక్కయ్య పోవుట ఒక వంక, తన సర్వకార్యములలో సగము పోవుట మరియొక వంక. ఆ తరువాత నాలుగేండ్లకు, 1984 ఫిబ్రవరి 24వ తేదీన, డెబ్బది తొమ్మిదవ యేట రాఘవరావుగారును పరమపదించిరి. ఆనాటికి వారి తొలినాటి శ్రోతలలో పలువురు తాతలును, అమ్మమ్మలును అయి యుందురు. తల నెరసినవారు సైతము ఆయనను అన్నయ్య యనియే తలంచుకొనిరి.

కవి పోయిన కావ్యము నిలుచును. శిల్పి పోయిన శిల్పము నిలుచును. పిల్లలను ఆడించి పాడించినవాడు పోయిన పిమ్మట నిలుచునదేమి? ఆ తొలినాటి ప్రసారములలో మిక్కిలి భాగము గాలిలోనే కలసిపోయినది. బాల సంచికలు కొన్ని ఇండ్ల అటకలపై చెదలకు చిక్కి, మిగిలినవి సాహిత్యాభిమానుల పూనికతో ఇటీవలి కాలమున సంపుటములుగా మరల అచ్చుపడినవి. వానిని తిరుగవేసినవారికి నాటి పిల్లల చేతివాటము, నాటి హాస్యము కొంత దొరకును. కాని అసలైన ఆస్తి పుస్తకములలో లేదు. ఒకనాడు రేడియో ముందు కూర్చుండి నవ్విన పిల్ల, తరువాత తల్లియై తన బిడ్డకు చెప్పిన కథలో అది కలదు. సభలో నోరు విప్ప భయపడిన బాలుడు, పెరిగి పదిమంది నడుమ నిలిచి మాటాడిన ధైర్యములో అది కలదు. దీనికి లెక్క వ్రాయు ఖాతా ఎచ్చటను లేదు.

వంగదేశమున వసించు తెలుగువారికి ఈ జీవితము ప్రత్యేకముగా స్మరణీయము. ఇచ్చటి వంగీయ గృహములలో పిల్లలకు 1913లో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురిగారు స్థాపించిన సందేశ్ పత్రిక వారసత్వముగా లభించినది. ఆయన కుమారుడు సుకుమార్ రాయ్‌గారి ఆబోల్ తాబోల్ 1923లో వెలువడిన నాటి నుండి తరతరముల పిల్లలను నవ్వించుచునే యున్నది. ఆగిపోయిన సందేశ్‌ను 1961లో ఆయన మనుమడు సత్యజిత్ రాయ్‌గారు మరల బ్రతికించిరి. అర్థము లేని మాటల ఆటలో కూడ భాష మీది మక్కువ పెరుగునని వంగీయులు గ్రహించిరి. తెలుగువారికి అట్టి సంపద లేదని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. మనకు బాల కలదు, బాలానందము కలదు. లోపము సంపదలో లేదు, దానిని పిల్లల చేతికి అందించుటలో కలదు.

హిజ్లీలోని పాత నిర్బంధ శిబిరపు భవనమున 1951లో సాంకేతిక విద్యాసంస్థ వెలసిన తరువాత ప్రేమ్ బజార్ పరిసరములలోను తెలుగు కుటుంబములు స్థిరపడినవి. ఈ యిండ్లలోని బిడ్డలు బడిలో ఇంగ్లీషును హిందీని, ఆటస్థలములో బెంగాలీని అవలీలగా పలుకుదురు. ఇంటిలో తెలుగు అర్థము చేసికొందురు. చదువుమనిన తలవంచుకొనువారు వారిలో పెక్కురు. వారికి తెలుగు అన్నము పెట్టునపుడును, గద్దించునపుడును అమ్మ పలుకు భాషగా మిగిలిపోవుచున్నది. వారి దోష మిందులేదు. వర్ణమాలను శిక్షగా ఇచ్చి, సెలవుదినమున ఎక్కాలవలె వల్లింపజేసినచో ఏ బిడ్డయు ఏ భాషను ప్రేమింపదు. భాష ముందుగా ఆటలో దొరకవలెను. ఆ ఆట కొఱకై వాడు అక్షరమును తానే వెదుకుకొనును. న్యాయపతి రాఘవరావుగారి జీవితమంతయు ఈ ఒక్క విషయమునకు నిదర్శనము.

దానికి గొప్ప భవనము అక్కరలేదు. ఆయన చూపిన పద్ధతికి వారమున కొక గంట, ఒక చాప, పదిమంది పిల్లలు చాలును. ఒకనాడు పొడుపుకథలు, ఒకనాడు అమ్మ చీరను తెరగా కట్టి ఆడిన నాటిక, ఒకనాడు పిల్లలే వ్రాసి, బొమ్మలు గీసి, దారముతో కుట్టిన గోడపత్రిక. ప్రతి సంవత్సరము ఉగాదికిని, దసరాకును వేదికపై పెద్దలు వ్రాసిచ్చిన పాటను పాడించి పిల్లలను దింపివేయుటతో సరిపుచ్చక, వారు తాము అల్లిన కథను తామే చెప్పుకొను అవకాశ మొసగవలెను. వచ్చీరాని తెలుగులో తడబడుచు చెప్పినను సరియే. ఆ తడబాటును దిద్దక, ఎగతాళి చేయక, మెల్లగా ఒక మాట అందించువారు కావలెను. బరంపురమున పుట్టి, మద్రాసులో పెరిగిన కార్యమును హైదరాబాదులో నిలిపిన ఆ మహనీయుడు చేసిన దంతయు అదియే. ఆ రైలుమార్గమున ఈ కొసను నివసించు బిడ్డలకును ఒక అన్నయ్య, ఒక అక్కయ్య కావలసి యున్నారు.